టీ పన్నూ, మా అమ్మ కుక్కరూ

జగిత్యాల జిల్లాలో పుట్టి, ప్రస్తుతం ఒమాన్ దేశం బర్కాలో, కంపెనీ క్యాంపు ఆరో నంబరు రూమ్‌లో, తలుపు పక్క పై మంచం మీద కాపురముంటున్న గౌరవ్వ కొడుకు ఓంకార్ అనే నేను, వయసు ఇరవై ఆరు, చదువు బి.ఏ. చరిత్ర, సెకండ్ క్లాసు, తెలివి సరిగ్గా ఉండగా, ఎవరి బెదిరింపూ లేకుండా, రూమ్‌లోని రెండు పొయ్యిల దగ్గరా రెండుసార్లు తిని రాస్తున్న వీలునామా ఇది. ఎల్లుండి కంపెనీ నన్ను సలాలా సైట్‌కు మారుస్తోంది. నేను బతికే ఉంటాను. కానీ వెయ్యి కిలోమీటర్లు పోయినవాడు రూమ్ లెక్కలో పోయినవాడే. నా వస్తువుల కోసం నా వెనక కొట్లాట జరగకూడదు. ఉన్న కొట్లాట చాలు.

1. దీన్ని అమలు జరిపే పెద్దగా ఇస్తారి కాకను నియమిస్తున్నాను. తాపీమేస్త్రీ, యాభై రెండేళ్లు, ముందు పళ్లు రెండు లేవు. ఆ పళ్లకు ఈ దస్తావేజులో చట్టపరమైన ప్రాధాన్యం ఉంది. కింద వస్తుంది.

2. నా ఫోమ్ పరుపు కూడా కాకకే. నేను కొత్తగా వచ్చినప్పుడు తన కింది మంచం నాకిచ్చి తాను పైకెక్కాడు. ఆయనకు మోకాళ్ల నొప్పులని నాకు నెల తర్వాత తెలిసింది. ఆ రోజే మార్చుకున్నాం. ఆ నెల రోజుల నిద్రకు పరుపు చాలదు. అయినా తీసుకో కాకా.

3. కుక్కరు సంగతికి ముందు నా నేరం ఒప్పుకోవాలి. ఆస్తి పంచేవాడు అప్పులూ చెప్పాలి కదా.

గోడ పక్కన, దుమ్ము పడని చోట బట్టలారేసే హక్కు కోసం మా రూమ్‌కూ ఏడో రూమ్‌కూ యుద్ధం జరిగింది. మా రూమ్ పెద్ద గంగాప్రసాద్ అన్న సొంత డబ్బుతో గుంజలు కొన్నాడు, తీగ కొన్నాడు, ఐదో రూమ్ వాళ్లను మన పక్షానికి తిప్పడానికి రెండుసార్లు మటన్ వండించాడు. తీగ పట్టుకుని నిలబడ్డది ఏసీ మెకానిక్ ఎహసాన్ భాయ్. గెలిచాం. గెలిచాక అన్న రెండు ఆజ్ఞలు వేశాడు. ఏడో రూమ్‌కు మళ్లీ కోపం రాకుండా కొత్త తీగ మీద మనమూ బట్టలు వేయకూడదు. అయిన ఖర్చు తీరేదాకా టీ కప్పుకు యాభై బైసలు, అంటే మన పదకొండు రూపాయలు, డబ్బాలో వేయాలి. ఎవరినీ అడగలేదు.

ఆ శుక్రవారమే నాలోని సెకండ్ క్లాసు నిద్రలేచింది. అమెరికా కథ ఎత్తుకున్నాను. ఇంగ్లండు రాజు ఫ్రెంచివాళ్లతో ఏడేళ్లు కొట్లాడి గెలిచాడని, గెలిచిన నేలలో వలసల జనాన్ని అడుగుపెట్టనివ్వలేదని, అప్పు తీర్చడానికి కాగితం మీద, టీ మీద వాళ్లను అడగకుండానే పన్ను వేశాడని, వాళ్లు టీ పెట్టెలు సముద్రంలో పోశారని, చివరికి ఆ రాజే వద్దన్నారని చెప్పాను. ఇస్తారి కాక అంతా విని, "పన్ను ఏసుడేంది బిడ్డా? ఊడగొట్టిండా, కట్టిచ్చిండా?" అన్నాడు. ఆ పన్ను కాదు, సర్కారు పన్ను అని చెప్పాను. కాక చిగుళ్లు తడుముకుని, "రెండూ ఒకటే. నా పన్ను డాక్టరు నన్ను అడిగే తీసిండు. అడుగకుంట తీస్తే ఊకుందునా?" అన్నాడు. మూడేళ్ల కాలేజీ నాకు ఆ ఒక్క ముక్క చెప్పలేదు.

అందరం నవ్వుతున్నాం. ఎహసాన్ భాయ్ నవ్వలేదు. రెండు కిలోల టీ పొడి పట్టుకుని బయటికి నడిచాడు. సముద్రం నాలుగు కిలోమీటర్లుంది కనుక బట్టలు నానేసిన డ్రమ్ములో గుమ్మరించాడు. అందులో గంగన్న తెల్ల చొక్కా ఉంది, కూతురు సింధూజ మొదటి జీతంతో కొని పంపింది.

"మీ కోసమే కొట్లాడితి గదరా! నన్నే రాజును జేస్తిరి!" అన్నాడు అన్న. "తీగ పట్టింది నేను. ఏక్ బాత్ పూఛ్‌నా థా నా, ఒక్క మాట అడగాలె గద, అన్నా!" అన్నాడు భాయ్. ఆ రోజు నుంచి రూమ్‌లో రెండు పొయ్యిలు. ఇప్పటికి రెండు నెలలు.

నా తప్పు ఇది. కథలో రాజుకూ జనానికీ నడుమ సముద్రం ఉంది. ఒక మాట పోయి జవాబు రావడానికి నెలలు పట్టేది. మీ ఇద్దరి మంచాల నడుమ ఉన్నది ఒక బకెట్. ఆ తేడా చెప్పకుండా కథ ముగించాను.

4. మస్కట్ ఖురంలో కొన్న నా తెల్ల చొక్కా గంగాప్రసాద్ అన్నకు. సింధూజ చొక్కాకు ఇది సాటి రాదు. దాన్ని నిమ్మకాయతో మూడుసార్లు ఉతికాను, ఇంకా టీ రంగే. క్షమించన్నా.

5. అరకిలో టీ పొడి ఎహసాన్ భాయ్‌కి. డ్రమ్ము మూత పెట్టాకే చేతికివ్వాలి.

6. బట్టల క్లిప్పులు ఇరవై నాలుగు, ఏడో రూమ్ వజీర్‌కు. యుద్ధ నష్టపరిహారం.

7. ఇక కుక్కరు. నా బ్యాగులోంచి రెండు ప్యాంట్లు తీసేసి మా అమ్మ పెట్టిన ఐదు లీటర్లది. మొదటి ఎండాకాలం జ్వరంతో పడిపోతే, గంగన్న డ్యూటీ మానుకుని నన్ను ఆసుపత్రికి మోసుకుపోయాడు. భాయ్ ఇదే కుక్కర్లో కిచిడీ వండాడు. కాక తినిపించాడు. ఆ వారం మా అమ్మకు నేను ఫోన్లో అబద్ధం చెప్పాల్సిన పని లేకపోయింది; బాగానే చూసుకుంటున్నారంటే అది నిజం. ఈ నాలుగేళ్లలో నా అసలు ఆస్తి ఆ వారమే, దాన్ని ఎవరికీ ఇవ్వను, సలాలా తీసుకుపోతున్నాను.

మొన్న గంగన్నా, భాయ్, మీరిద్దరూ ఎవరికి వారు వచ్చి, "కుక్కరు నాకే ఇడ్సిపో" అన్నారు. ఇద్దరి మాటా కాదనలేను. కనుక గిన్నె గంగాప్రసాద్ అన్నకు. మూత ఎహసాన్ భాయ్‌కి. రబ్బరూ విజిలూ ఇస్తారి కాక దగ్గరుంటాయి. ఎవరికేది కావాలన్నా రెండోవాళ్లను నోరు తెరిచి అడగాలి. అడగకుండా తీసుకుంటే అది పన్ను పీకినట్టే లెక్క. ఏ పన్ను అన్నది కాక తేలుస్తాడు.

బర్కా, 2025 నవంబరు 14, శుక్రవారం.

(సంతకం) ఓంకార్

సాక్షులు:
1. బాబు మియా, క్యాంపు ఎదుటి కిరాణా కొట్టు
2. వజీర్, ఏడో నంబరు రూమ్ (క్లిప్పులు లెక్కపెట్టుకున్నాకే సంతకం చేశాడు)

అమలు జరిపే పెద్ద రాసింది: ఆదివారం బస్సు పోయినంక ఇద్దరికీ సదివి ఇనిపిచ్చిన. గంగాప్రసాద్ ఎహసాన్‌ను మూత అడిగిండు. నేను రబ్బరు, విజిలు ఇచ్చిన. – ఇస్తారి