తాతయ్య చేతులు జేబుల్లోనే

ఈస్ట్ గ్లేసియర్, మంగళవారం

అమ్మా,

మన వంశానికి తలవంపులు తెస్తున్నందుకు మోకరిల్లి క్షమాపణ వేడుకుంటున్నాను.

నువ్వు పుట్టిన ఏడాది తాతయ్య చెక్కిన కొయ్య ఎలుగుబంటిని నిన్న మన దుకాణంలో ఒక షికాగో ఆసామి తెగ మెచ్చుకున్నాడు. మెచ్చినవాడికి ఇచ్చేయడం మన తెగలో ఆచారం. తాతయ్యకు వినపడకపోయినా ఆ మెప్పు కళ్ళకు కనిపించింది. వెంటనే సైగ చేశాడు.

"ఏమంటున్నాడోయ్ ముసలాయన?" అని ఆసామి నన్నడిగాడు.

నేను చెప్పాను. ఆసామి టోపీ ఎత్తి వెళ్ళిపోయాడు.

తన కానుకను కాదన్నాడనుకుని తాతయ్య అప్పటినుంచి చేతులు జేబుల్లోంచి తీయడం లేదు. ఉలి ముట్టడు, రొట్టె ముట్టడు. నేను ఎదురుగా నిలబడి సైగ చేయబోతే కళ్ళు మూసుకుంటున్నాడు.

ఎండుమాంసం పంపు. కుక్క ఈనిందా? ఆదివారం నువ్వు రావాలి, నీ చేతులకైతే కళ్ళు తెరుస్తాడు. చెల్లికి ముద్దులు.

నిన్న తాతయ్య సైగతో అన్నది "తీసుకుపో" అని. నేను ఆసామికి "అది మా అమ్మది, ఇవ్వనంటున్నాడు" అని చెప్పాను.

నీ సుపుత్రుడు,
ఎమిల్