చీటీ లేని మందు

పిన్నీ,

నీ చెవిపోటు ఎలా ఉంది? ఈ మాట మొన్న నా మందుల దుకాణంలోనే అడగాల్సింది.

నువ్వు ఎప్పటిలాగే తడి జుట్టుతో, సముద్రపు నత్తల సంచీతో లోపలికొచ్చి, "ఒరేయ్, మళ్ళీ చెవి పోటెత్తుతోందిరా, ఆ పొట్లం కట్టివ్వు" అన్నావు. కొత్త చట్టం వచ్చాక డాక్టరు చీటీ లేనిదే ఆ మందు ఇవ్వకూడదని నీకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేనే. ఇస్తే ఒక చట్టం కింద జరిమానా, ఇంకో చట్టం కింద లైసెన్సు రద్దు. అప్పుడే బల్ల పక్కన ఒక కొత్త మనిషి చంకలో బ్యాగుతో నిలబడి ఉన్నాడు. దొంగచాటుగా వీడియో తీసి, మమ్మల్ని పట్టించి బహుమతి పుచ్చుకునేవాళ్ళు తిరుగుతున్నారని మా సంఘంలో చెప్పారు. ఇతనూ వాళ్ళలో ఒకడే అనుకున్నాను.

"ఎవరమ్మా మీరు? చీటీ లేకుండా మందులివ్వం" అన్నాను.

నువ్వు నన్నూ, అతన్నీ ఓసారి చూశావు. "తప్పయిపోయింది సార్, వేరే కొట్టనుకున్నా" అని వెళ్ళిపోయావు. సియోల్‌లో నా చదువుకోసం ఈ జెజు దీవి సముద్రంలో నత్తలకని ఊపిరి బిగబట్టి మునిగినదానివి, నన్ను సార్ అన్నావు.

అతను దగ్గుబిళ్ళలు కొనుక్కుని, "పాపం, ముసలావిడ సంచీ మరిచిపోయింది" అన్నాడు. అంతే.

సోమవారం కొట్టు మూసి వస్తాను. చెవుల డాక్టరు తాక్ దగ్గరికి ఇద్దరం వెళ్దాం. దారిలో అందరి ముందూ నన్ను తిట్టు. మందివ్వొద్దంది చట్టమే పిన్నీ. నువ్వెవరో తెలియదనమని మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు.