హైవేకు అవతలి బడి

జూన్, గురువారం రాత్రి
బంగారుపాళ్యం

రెండు బళ్లకూ టీచర్లను పెట్టే స్థోమత లేదని హైవేకు ఇవతలి చిన్న బడిని మూసి, పిల్లల్ని అవతలి బడిలో కలిపేశాం. మండల విద్యాధికారిగా ఆ ఉత్తర్వు మీద సంతకం నాదే. పిల్లలు రోడ్డెలా దాటుతున్నారో చూద్దామని ఈ పొద్దున వెళ్లాను.

మామిడికాయల లారీలు ఆగకుండా పోతున్నాయి. రెండో తరగతి పాప తల్లి రమణమ్మ నన్ను చూసి దగ్గరికొచ్చింది.

"నేను కూలికి పోవాల మేడం. పిలకాయల్ని దినామూ ఎవురు దాటిస్తారు?"

పిల్లల్ని దాటించడానికి ఒక ఆయాను ఇవ్వమని చిత్తూరులోని జిల్లా ఆఫీసుకు ఫోన్ చేశాను. "నిధులు యాడుండాయమ్మా? వచ్చే ఏడు సూద్దాం," అన్నారు పెద్దసారు.

సాయంత్రం నేనే పాప చెయ్యి పట్టుకుని దాటించబోయాను. విడిపించుకుని నవ్వింది.

"అట్ల కాదు మేడం. లారీ దగ్గరికొచ్చేదాకా ఆగి, అప్పుడు పరిగెత్తాల. ఆఖరున పరిగెత్తినోళ్లు గెలిచినట్టు."

బడి మారి వారం కాలేదు, అప్పుడే దీన్నో ఆట చేసేశారు! గట్టిగా కేకలేశాను. పిల్లలందరూ తలలూపారు. నేను వెనక్కి తిరగ్గానే కిసుక్కుమన్నారు.

రేపట్నుంచి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు కూడా తెరుస్తారట. లారీలు ఇంకా పెరుగుతాయి. పొద్దున్నే నాకు చిత్తూరులో మీటింగు. పిల్లలు బడికెళ్లే వేళకు నేను ఆ రోడ్డు మీద ఉండను...