టీ గ్లాసులో వేలు

కళా,

నేను బాగానే ఉన్నాను, చేతుల వణుకు తగ్గింది, భయపడకు. ధ్యానానికి కూర్చోబెట్టే ముందే అందరి ఫోన్లూ తీసేసుకున్నారు, అందుకే ఈ కార్డు.

ఇక్కడున్న వాళ్లమంతా తాగుడు మానాలని వచ్చినవాళ్లమే. నిన్న ధ్యానం అయ్యాక టీ ఇచ్చారు. గ్లాసు అందుకోగానే నా వేలు దానంతటదే టీలో మునిగి, నేలమీద చుక్కలు చిలకరించింది. సారా తాగేముందు గంగమ్మ పేరు చెప్పి వదిలేవాణ్ణే, అచ్చం అలాగే. పక్కన కూర్చున్న ధనరాజు నవ్వుతాడనుకున్నాను. తన తడి వేలు చూపించి, "నాదీ అంతే భయ్యా, ఏటి సేత్తాం?" అని ఏడ్చేశాడు. మాకు ధ్యానం నేర్పే భిక్షువు మాత్రం కోప్పడలేదు. ఊపిరిని గమనించినట్టే చేతినీ గమనించమన్నారు. అప్పటినుంచి గమనిస్తూనే ఉన్నాను, ఈ చేతిని మాత్రం నమ్మలేకపోతున్నాను.

పాపకు దగ్గు తగ్గిందా? పాత పడవ ఇంజను రిపేరు అయిందా? కొత్త పడవ నీళ్లలోకి దింపే రోజు ఎప్పుడు పెట్టారు? ఆ రోజు గంగమ్మకు సారా పొయ్యాలంటాడు నాన్న, పెద్దకొడుకునని సీసా నా చేతికే ఇస్తాడు. నువ్వే నచ్చజెప్పు, కొబ్బరినీళ్లు పోద్దామను. అమ్మవారికి కోపమొస్తే నామీదే రానీ. నాన్న ఒప్పుకోకపోతే ఇక్కడి ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పు, ఆ రోజు నేను పడవ దింపే జంగ్లీఘాట్ ఒడ్డుకే రాను.

నాన్నకు దండాలు, పాపకు ముద్దులు. ఇంటికొచ్చాక నువ్విచ్చిన టీలోకి నా వేలు పోతే, ఏమీ అనకు. చెయ్యి పట్టుకో.

నీ లోకనాథం