కుడి చెయ్యి లేచింది

అనకాపల్లి, బుధవారం రాత్రి

పక్షవాతం వచ్చి ఈ హోములో చేరాక, నా కుడి చెయ్యి ఈరోజే మొదటిసారి తల దాకా లేచింది. గదిలో ఎవరూ లేరు. దువ్వెనతో పాపిడి తీసుకున్నాను. వెంటనే చెరిపేసుకున్నాను.

కాసేపటికి నూనె గిన్నె పట్టుకుని ఆయా నూకాలమ్మ వచ్చింది.

"సెయ్యేటైనా లేత్తందా అమ్మా?"

"లేదమ్మా."

"కంగారు పడకండి, మెల్లిగా అదే వత్తాది" అంటూ తలకి నూనె రాసి జడ వేసింది. పక్క గదిలోంచి సన్యాసమ్మగారు ఆమెను పిలుస్తూనే ఉన్నారు.

రోజు మొత్తంలో నన్నొక మనిషి ప్రేమగా తాకేది ఆ పది నిమిషాలే. చెయ్యి బాగైందని తెలిస్తే అవీ ఉండవు. సన్యాసమ్మగారికి ఆ సమయం దక్కుతుంది, న్యాయమే. రేపు చెప్పాలి...

వంకరగానైనా ఈ పేజీ ఆ చేత్తోనే రాశాను. దిండు కిందే పెడతాను, రేపు పక్క దులిపేటప్పుడు నూకాలమ్మ కంట పడుతుంది.