నాకు గాలిమార్పు అక్కర్లేదు

విద్యాధికారి గారి సముఖమునకు, ప్రాథమిక పాఠశాల మూడో తరగతి టీచరు వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: అడగని గాలిమార్పును దయతో మంజూరు చేసినందులకు కృతజ్ఞతలు తెలుపుకొనుచు, దానిని వెంటనే రద్దు చేయుమని కోరుట గురించి.

1. తమ కార్యాలయపు ఉత్తర్వు నిన్న అందినది. "ఆరోగ్యరీత్యా గాలిమార్పు కోరినందున" నన్ను కొండమీది బడికి బదిలీ చేసితిరనియు, సోమవారమే అక్కడ చేరవలెననియు అందులో ఉన్నది. నా ఆరోగ్యం భేషుగ్గా ఉన్నదని మనవి.

2. పొరపాటు ఎక్కడ జరిగినదో విన్నవించుకొనుచున్నాను. భూమి ఎందుకు వేడెక్కుతోందో పిల్లలకు చెప్పడానికి రోబో తయారీ మొదలుపెట్టాను. "వాతావరణ మార్పు" అంటే వాళ్ళకు నోరు తిరగలేదు. ఒక చిన్నది ఇంటికి వెళ్ళి, "టీచర్ ఇవాళ వాతం గురించి చెప్పారు" అన్నదట. మర్నాడు వాళ్ళ నానమ్మ కీళ్ళనొప్పుల తైలం పట్టుకుని బడికి వచ్చేసింది. "ఈ వయసుకే వాతమేంటమ్మా నీకు? పడుకునే ముందు బాగా పట్టించు" అని సీసా నా చేతిలో పెట్టింది. ఆ దెబ్బతో "వాతావరణ" మానేసి, పలకడానికి తేలిక కదా అని "గాలిమార్పు" అన్నాను.

3. అలవాటులో తమకు పంపిన అర్జీలోనూ అదే రాశాను. "రేకుల గది మిక్కిలి వేడెక్కుచున్నందున, గాలిమార్పు నిమిత్తం తగు ఏర్పాటు చేయించగలరు." నేనడిగింది రోబో కోసం ఒక చిన్న మోటారు, బ్యాటరీలు, వేడిని పసిగట్టే సెన్సరు. అవన్నీ కాగితం వెనకవైపు రాశాను. గుమాస్తాగారు కాగితం తిప్పినట్టు లేరు.

4. సామాను చివరికి మేమే పోగుచేసుకున్నాం. అట్టపెట్టెకు పాత బొమ్మకారు చక్రాలు తగిలించాం. వేడి తగిలితే అది కీచుమని అరుస్తూ నీడకేసి నడుస్తుంది. పిల్లలు దానికి "చెమట బాబాయ్" అని పేరు పెట్టారు. రేకుల గదిలో బాబాయ్ నోరు మూయడు, చెట్టు కిందికి వెళ్తే కిక్కురుమనడు. "మరి మన గది పక్కన చెట్టెందుకు లేదు టీచర్?" అని అడిగారు. అసలు పాఠం అక్కడ మొదలైంది. పొగ సంగతీ, ఎండ సంగతీ ఇప్పుడు నన్ను ఊపిరాడనివ్వకుండా అడుగుతున్నారు. బాబాయ్‌కి ఎడమవైపు తిరగడం ఇంకా రాదు, గోడకు కొట్టుకుంటున్నాడు. నా బదులు ఎవరినీ వేయలేదు కనుక మూడో తరగతిని నాలుగో తరగతిలో కలిపేస్తారట. అదే జరిగితే బాబాయ్ బీరువా ఎక్కుతాడు, పాఠం అటకెక్కుతుంది.

5. మావారు అప్పుడే స్వెట్టర్లు దులిపి ఎండలో వేశారు. "చల్లటి ఊరు వెతుక్కుంటూ వస్తే వద్దనేవాళ్ళుంటారా? నోర్మూసుకుని పెట్టె సర్దు" అంటున్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ కాస్త ఆశ పుట్టింది. పొద్దున బడికొచ్చి పిల్లల మొహాలు చూశాక పోయింది.

కావున, ఒంట్లో బాగాలేనిది నాకు కాదనియు, గాలికనియు చిత్తగించి, సదరు బదిలీని రద్దు చేయించవలెనని ప్రార్థన.

ఇప్పటికైతే ఈ బడిలోనే ఉన్న
తమ విధేయురాలు,
మూడో తరగతి టీచరు

తా.క.: కవరు అంటించబోతూ మళ్ళీ తెరిచాను. ఇక్కడి గాలి టీచరుకు పడడం లేదని పిల్లలకు ఎవరో చెప్పేశారు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి కాపలాదారు నిచ్చెనెక్కి రేకులకు సున్నం కొడుతున్నాడు. పిల్లలు కింద బకెట్లు అందిస్తున్నారు. నా కుర్చీ చుట్టూ ఎవరిళ్ళ నుంచి తెచ్చారో మొక్కల కుండీలు, కూర్చోవడానికి సందు లేదు.

"ఏంటర్రా ఇదంతా?" అన్నాను.

"తెల్లగా ఉంటే వేడెక్కదని మీరే చెప్పారుగా" అన్నారు. వాతం చిన్నది నా కొంగు పట్టుకుంది. "గాలి మేం మార్చేస్తాం టీచర్. మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు."

నాకు ఏడుపు ఆగలేదు. కళ్ళలో సున్నం పడిందని బొంకాను.

అయ్యా, పొమ్మంటే సోమవారం పోతాను, ఉద్యోగం కదా. కానీ ఆ మాట తమరే వచ్చి వాళ్ళతో చెప్పండి. నావల్ల కాదు.