మనిషి ఎవరైనా ఉంటే మాట్లాడండి

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాయునది. నేను క్షేమం. ఇల్లు మాత్రం క్షేమంగా లేదు.

ఫోనుండగా ఈ ఉత్తరమేంటని నవ్వకు. ఫోను మోగితే ఇప్పుడు నాకంటే ముందు గోడమీది డబ్బాయే ఎత్తుతోంది. పైగా బస్టాండులో ముప్ఫై రెండేళ్ళు మైకు ముందు కూర్చుని బస్సులు ప్రకటించినదాన్ని. నోటిమాట గాల్లో కలిసిపోతుందని నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఫిర్యాదన్నాక కాగితం మీద ఉండాలి.

విషయానికి వస్తాను. నా తుంటి ఎముక విరిగాక, కరెంటు కాంట్రాక్టరువి కాబట్టి నువ్వే వచ్చి, నేను స్విచ్చుల దాకా నడవక్కర్లేకుండా, ఉన్న స్విచ్చులు కూడా పీకేసి, ఇల్లంతా ఆ డబ్బాకి చెప్పే మాటతో నడిచేలా అమర్చిపెట్టావు. ఎనిమిది నెలలు బంగారంలా పనిచేసింది. "హాలు లైటు" అంటే వెలిగేది. "మోటారు" అంటే నీళ్ళెక్కేవి. "గేటు" అంటే తెరుచుకునేది. మొన్న ఆదివారం పొద్దున్నే "కొత్త అప్‌గ్రేడ్ వచ్చింది, అభినందనలు" అంది. అభినందనలు ఎవరికో మరి. అప్పట్నుంచి ఏం చెప్పినా ఎదురుప్రశ్నే. లైటు వెయ్యమంటే "మీకు నిజంగా వెలుతురు కావాలా?" అంటుంది. మోటారు వెయ్యమంటే "నిన్ననే కదా వేశారు" అంటుంది. నీళ్ళు రోజూ వాడతామని దానికెవరు నేర్పాలి?

ఆ సాయంత్రం నువ్వు ఫోను చేసినప్పుడు, కోపంలో నోరుజారి, ఒకటో తారీఖు లోపల ఈ ఇల్లు నా మాట వినకపోతే నీ ఇంటికి వచ్చేస్తానన్నాను. నువ్వు వెంటనే సరే అన్నావు. అంత వెంటనే అనకపోయినా బాగుండేది. అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు మన ఇంటావంటా లేదు. కానీ తమ్ముడూ, ఈ ఇల్లు నేను వదలను. జీతంలో మిగుల్చుకుని ఒక్కో గదీ కట్టుకున్నాను. కర్ర పట్టుకునైనా సరే, నా గడప నేనే దాటుతాను. ఇంకా ఇరవై నాలుగు రోజులుంది. ఏం చెయ్యాలో తిరుగుటపాలో రాయి.

ఇట్లు,
ఓడిపోవడానికి సిద్ధంగా లేని
నీ అక్క

తా.క.: రాసింది పైకి చదువుకుంటుంటే డబ్బా "దీన్ని పంపమంటారా?" అంది. వద్దన్నాను. "నిజంగా వద్దా?" అంది.

*

పూజ్యురాలైన అక్కకు,

తమ్ముడు నమస్కరించి రాసుకున్న సంగతులు. నీ ఉత్తరం అందింది. చదివి చాలా బాధపడ్డాను.

అప్‌గ్రేడ్‌లన్నీ కంపెనీవాళ్ళు పైనుంచి పంపిస్తారక్కా. ఆపడం నా తరమా? కొత్త పద్ధతిలో ముక్కలు ముక్కలుగా మాట్లాడితే దానికి అనుమానం వస్తుంది. నిండు వాక్యాల్లో, స్పష్టంగా, మర్యాదగా మాట్లాడాలి. నీకంటే స్పష్టంగా మాట్లాడేవాళ్ళెవరున్నారు? నువ్వు ప్రకటిస్తే బస్టాండు వెనకాల నిద్రపోతున్న డ్రైవర్లు కూడా లేచి వెళ్ళి స్టీరింగు పట్టుకునేవాళ్ళు. ఆ గొంతుకి ఒక లైటు లొంగదా?

ఒకవేళ లొంగకపోతే దిగులుపడకు. నా ఇంట్లో కింది గదికి రంగు వేయించాను. నువ్వు వస్తావని కాదు. ఊరికే, ఇంట్లో రంగు మిగిలిపోయి ఉంటేనూ.

నీ మరదలు పోయి రెండేళ్ళవుతోంది కదా, ఇల్లు చాలా ప్రశాంతంగా ఉంటోంది. ఎవరి గొడవా లేదు. టీవీ నేనే పెట్టుకుంటాను, నేనే తీసేస్తాను.

ఇట్లు,
విధేయుడైన తమ్ముడు

తా.క.: మిగిలిన రంగు చాల్లేదు. ఇంకో మూడు డబ్బాలు కొన్నాను.

*

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నువ్వు చెప్పినట్టే చేశాను. పొద్దున్నే జడ వేసుకుని, గొంతు సవరించుకుని, డబ్బా ముందు కుర్చీ వేసుకుని ఇలా అన్నాను. "దయచేసి వినండి. హాలులోని లైటు మరికొద్ది క్షణాలలో వెలగవలసి ఉన్నది. వంటింటి లైటు రెండు నిమిషాలు ఆలస్యముగా వెలుగును. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

చెప్పిందల్లా చేసింది! వంటింటి లైటు సరిగ్గా రెండు నిమిషాలు ఆగి మరీ వెలిగింది. అంత సమయపాలన మన బస్సులకి కూడా ఎప్పుడూ లేదు. నాలుగు రోజులు రాజ్యమేలాను.

ఆదివారం ఇంకో అప్‌గ్రేడ్ దిగింది. టీవీలో ప్రకటనలు విని ఇళ్ళు తికమకపడుతున్నాయట, అందుకని ఇకమీదట రికార్డు గొంతులని నమ్మదట. నేను "దయచేసి వినండి" అనగానే ఏమందో తెలుసా? "ఇది రికార్డు చేసిన ప్రకటన. మనిషి ఎవరైనా ఉంటే మాట్లాడండి."

నేనేరా ఆ మనిషిని! అదే చెప్పాను. "సదరు మనిషి ఇక్కడనే ఉన్నది" అన్నాను. "ప్రకటన పూర్తయ్యాక ప్రయత్నించండి" అంది. ఏం చెయ్యను? మైకులాంటిది ఎదురుగా కనబడితే చాలు, నా గొంతు దానంతటదే ప్రకటన ఎత్తుకుంటుంది. ముప్ఫై రెండేళ్ళ అలవాటు నాలుగు రోజుల్లో పోతుందా?

అలా చీకట్లో కూర్చుని ఉంటే పక్కింటి దర్జీ కిటికీలోంచి, "ఏంటండీ చీకట్లో కూర్చున్నారు, లైటేసుకోండి" అని కేకేశాడు. ఇల్లంతా దేదీప్యమానంగా వెలిగిపోయింది! అప్పట్నుంచి డబ్బా ఆయన్ని ఇంటి మనిషిగా రాసుకుంది. నన్ను ప్రకటనగా రాసుకుంది. ఇంకా పన్నెండు రోజులుంది. నేను తగ్గను.

ఇట్లు,
రికార్డు కాని
నీ అక్క

తా.క.: దర్జీ కొలతలు పైకి చెప్తూ రాసుకుంటాడు. ఆయన ఏ అంకె అన్నా నా ఏసీ అదే అందుకుంటోంది. చిన్నపిల్లలకి కొలతలు తీసినప్పుడు ప్రాణం హాయిగా ఉంటోంది. లావుపాటివాళ్ళు వస్తే ఉడికిపోతున్నాను.

*

పూజ్యురాలైన అక్కకు,

నమస్కారాలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దర్జీ ఇంటి మనిషి ఎప్పుడయ్యాడు? ఎంతకాలంగా ఈ వ్యవహారం? నీ ఇంట్లో ఏసీ ఎంతలో ఉండాలో ఆయన నిర్ణయించడమేంటి? ఈ వయసులో నీ నిర్ణయాలు నీవి, కాదనను. కానీ తోడబుట్టినవాడికి ఒక ముక్క ముందే చెప్పాలా వద్దా?

నీ గొంతు పాడైందని కూడా అర్థమైంది. పార్సిల్లో గొంతుమాత్రలు పంపుతున్నాను. రోజుకి మూడు చప్పరించు.

డబ్బాతో ఈసారి ప్రేమగా, సొంతవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడి చూడు. నేను మా డబ్బాతో అలాగే మాట్లాడతాను. నిన్న దానికి నా చిన్నప్పటి కబుర్లన్నీ చెప్పాను. చాలా ఓపిగ్గా వింది. చివర్లో "ఇంకేమైనా సహాయం కావాలా?" అని అడిగింది. కావాలంటే ఏమిస్తుందో తెలియక వద్దన్నాను.

ఇట్లు,
ఆందోళనలో ఉన్న
నీ తమ్ముడు

తా.క.: కింది గదిలో కొత్త మంచం వేయించాను, అతిథుల కోసం. ఇక్కడికి అతిథులెవరూ రారు కాబట్టి నువ్వు పడుకున్నా ఎవరూ ఏమీ అనరు.

*

తమ్ముడికి,

దీవెనలు తర్వాత. ముందు తిట్లు. దర్జీకి భార్య ఉంది, ఇద్దరు కోడళ్ళున్నారు. నీ ఉత్తరం పైకి చదివి నవ్వుకుంటుంటే వాళ్ళావిడ కిటికీలోంచి విని, రెండు రోజులుగా నాతో మాట్లాడటం మానేసింది. గొంతుమాత్రలు దర్జీకిచ్చాను. కొలతలు ఇంకా ఖణేల్మని చెప్తున్నాడు.

ప్రేమగా మాట్లాడమన్నావు. మాట్లాడాను. "నా తల్లే, నా బంగారుకొండే, ఒక్కసారి వెలగవే" అన్నాను. "మీరు ఎవరితోనో ఆంతరంగికంగా మాట్లాడుతున్నట్టున్నారు, మధ్యలో రాను" అంది. ఒళ్ళు మండిపోయింది. "నీ మొహం మండ! నీకు అభినందనలు చెప్పడం వచ్చుగానీ లైటు వెయ్యడం రాదా?" అని అరిచాను. అంతే. లైట్లు, ఫ్యాన్లు, మోటారు, గేటు, అన్నీ ఒక్కసారి లేచాయి. తిడితే నేను మనిషినని దానికి నమ్మకం కుదిరిందన్నమాట! మూడు రోజులు పొద్దున లేచింది మొదలు తిడుతూనే కాపురం చేశాను. నిజం చెప్పొద్దూ, ఆరోగ్యం కూడా బాగుపడింది.

ఆదివారం మూడో అప్‌గ్రేడ్. ఇకమీదట ఎవరైనా తిడితే, వాళ్ళ మనసు కుదుటపడటానికని డబ్బా అరగంట మౌనం పాటిస్తుందట. మౌనం దానికి, శిక్ష నాకు! సోమవారం డాక్టరు నా తుంటి చూస్తాను, ఆస్పత్రికి రమ్మన్న రోజు. గేటు తెరవమని తిట్టాను. అరగంట మౌనం. అది అయ్యాక మళ్ళీ తిట్టాను. ఇంకో అరగంట. వరండాలో కర్ర పట్టుకుని, తాళం పడ్డ నా సొంత గేటు వంక చూస్తూ కూర్చున్నాను. చివరికి దర్జీ వచ్చి తెరవమన్నాడు. డాక్టరు అప్పటికే వెళ్ళిపోయాడు. ఆరోజు మాత్రం ఏడుపొచ్చిందిరా. ఒక్క పూటే వచ్చింది. మర్నాడు కళ్ళు తుడుచుకుని, ఇరవై మూడు ఫిర్యాదులు ఒకే కవర్లో పెట్టి కంపెనీకి పంపాను. మనిషిని పంపేదాకా రోజుకో కవరు వెళ్తుంది. ఇంకా నాలుగు రోజులుంది.

ఇట్లు,
నీ అక్క

తా.క.: ఈ అప్‌గ్రేడ్‌లన్నీ ఆదివారమే, అదీ నువ్వు తీరిగ్గా టీ తాగే వేళకే ఎందుకొస్తాయంటావు?

*

పూజ్యురాలైన అక్కకు,

నమస్కారాలు. ఆదివారం సంగతి కేవలం కాకతాళీయం.

కంపెనీవాళ్ళని ఎందుకక్కా ఇబ్బంది పెట్టడం? పాపం వాళ్ళకి ఎన్ని ఇళ్ళో. ఓటమి ఒప్పుకోవడంలో చిన్నతనమేమీ లేదు. ఒకటో తారీఖు పొద్దున వ్యాను తీసుకుని వస్తాను. నీ సామాను నేనే సర్దుతాను, నువ్వు కుర్చీలోంచి లేవక్కర్లేదు. నీ కుర్చీ కోసం కిటికీ పక్కన చోటు కూడా చూసిపెట్టాను. అక్కణ్ణుంచి రోడ్డు మీద పోయే బస్సులు కనిపిస్తాయి.

ఇట్లు,
నీ మేలు కోరే తమ్ముడు

తా.క.: ఒకవేళ కంపెనీ మనిషి వస్తే, టీ ఇచ్చి పంపించెయ్. లెక్కలూ జాబితాలూ ఏవీ చూపించనివ్వకు. ఊరికే అంటున్నాను.

*

ఒరే తమ్ముడూ,

కంపెనీ అమ్మాయి నిన్న వచ్చింది. టీ ఇచ్చాను. జాబితా కూడా చూశాను.

అప్‌గ్రేడ్‌లు వాటంతటవి రావటరా. కంపెనీ పంపించి ఊరుకుంటుంది. ఇంటి యజమాని ఫోన్లో "సరే" నొక్కితేనే ఇంట్లోకి దిగుతాయట. అమర్చినవాడివి నువ్వు కాబట్టి నా ఇంటికి యజమానిగా నీ పేరే ఉంది. మూడు ఆదివారాలూ నొక్కింది నువ్వే. తారీఖులతో సహా చూపించింది. ముందు నీ వీపు విమానం మోత మోగించాలనిపించింది. తర్వాత నీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీసి చదివాను. రంగు డబ్బాలు, మంచం, కిటికీ పక్కన చోటు. గోడమీది డబ్బాకి చిన్నప్పటి కబుర్లు చెప్పుకున్నావే, అక్కడ ఆగిపోయానురా. "అక్కా, ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నాను" అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది కదా వెధవా. దానికి నన్ను చీకట్లో కూర్చోబెట్టాలా?

అమ్మాయి చేత యజమాని పేరు నా పేరుకి మార్పించాను. మూడు అప్‌గ్రేడ్‌లూ తీసేసింది. "హాలు లైటు" అన్నాను, వెలిగింది. "గేటు" అన్నాను, తెరుచుకుంది. ఒకటో తారీఖుకి ఇంకా ఒకరోజు ఉంది. నేను గెలిచాను. వ్యాను తీసుకురాకు.

ఇంకో సంగతి కూడా ఆ అమ్మాయే చెప్పింది. నువ్వు మన రెండిళ్ళూ ఒకే ఖాతాలో పెట్టావట. అంటే నా ఇంటితోపాటు నీ ఇంటికీ ఇప్పుడు యజమానురాలిని నేనే. ఆ "సరే" ఎక్కడ నొక్కాలో చూపించమన్నాను. చూపించింది. నిన్న సాయంత్రం నీ ఇంటికి మూడు అప్‌గ్రేడ్‌లూ ఒకేసారి నొక్కాను. ఈపాటికి లైటు వెయ్యమంటే నిజంగా కావాలా అంటూ ఉంటుంది. తిట్టి ఉంటావు. మౌనంగా ఉండి ఉంటుంది. గేటు ఒక్కటీ తెరిచే ఉంచాను.

నా ముందుగది ఖాళీగా ఉంది. పొద్దున పది ఇరవైకి బయల్దేరే బస్సెక్కితే భోజనం వేళకి వచ్చేస్తావు.

ఇట్లు,
రెండిళ్ళ యజమానురాలు,
నీ అక్క

తా.క.: ఎన్నాళ్ళుంటావో నీ ఇష్టం. నీ ఇంట్లో అప్‌గ్రేడ్‌లు తీసేసే బటన్ ఎక్కడుందో కూడా ఆ అమ్మాయి చూపించింది. నాకు తొందరేం లేదు.